మైసమ్మ మలుపులో వేపమండ

నసీమా గురించి నిర్మల్ చుట్టుపక్కల చెప్పుకునే మాటల్లో చాలావరకు నిజం కావు. ముందు వాటిని పక్కకు పెట్టాలి.

బస్టాండు ఎదుటి హోటళ్లలో వినిపించేది ఒకటి. సఫారీ జీపు నడిపే నసీమా పెద్దమద్ది అడవిలో ఆకాశమంత చెట్టెక్కి, తొర్రలోంచి జారిపడబోతున్న పక్షిపిల్లలను కొంగులో పట్టుకొని దించిందట. ఆమె ఏ చెట్టూ ఎక్కలేదు. అటక మీది డబ్బా తీయడానికి స్టూలెక్కినా ఆమెకు కళ్లు తిరుగుతాయని భర్త ముకర్రం అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతూనే ఉంటాడు. రెండోది కొంచెం విషం కలిసిన మాట: మైసమ్మకు హారన్ కొట్టి మొక్కే పాత ఆచారాన్ని ఒక సాయిబుల ఆడమనిషి మాన్పించిందని. ఆ ఆచారం మానలేదు. ఇవాళ పొద్దున కూడా జరిగింది. మూడోది దీనికి పూర్తిగా ఎదురు: మైసమ్మే కలలోకి వచ్చి నసీమాకు ఆజ్ఞ ఇచ్చిందని. ఆ వేసవిలో తనకు కల వచ్చేంత నిద్ర ఎక్కడ పట్టిందని నసీమా అడుగుతుంది. అడవిదున్న ఎదుట జీపు హారన్ మూగబోవడం దేవత మహిమేనని కరీంనగర్‌లో కొందరు ఇప్పటికీ వాదిస్తారు. చదువుకున్నవాళ్లు మాత్రం అటవీశాఖ శిక్షణ ఇచ్చి ఆమె చేత ఇదంతా చేయించిందంటారు. శాఖ ఆమెకు శిక్షణ ఇచ్చిన మాట వాస్తవమే. కానీ అది ఘాటు దారిలో గేరు మార్చడానికి, పులి కనిపించినప్పుడు బండి దిగవద్దని చెప్పడానికి ఇచ్చిన శిక్షణ. పిట్టల ప్రస్తావన అందులో లేదు.

ఇన్ని కథలు పుట్టడానికి కారణం లేకపోలేదు. జరిగింది చిన్న పని. చిన్న పనితో అంత పెద్ద సంగతి ఎలా నిలబడిందన్నది చాలామందికి కొరుకుడు పడలేదు.

పెద్దమద్ది లోయలో గొడ్డలి పడని అడవి ఉంది. మొదట్లో దాన్ని కాపాడింది భక్తీ కాదు, చట్టమూ కాదు. లోయ అంచులు గోడల్లా నిటారుగా ఉండటంతో, కింద కొట్టిన దుంగను పైకి లాగడం ఏ ఎడ్ల వల్లా కాలేదు. చుట్టూ గుట్టల మీది టేకు పోయింది, మళ్లీ నాటారు, మళ్లీ పోయింది. లోయలో మాత్రం నలుగురు చేతులు కలిపినా చుట్టుకు అందని నల్లమద్దులు, జిట్రేగులు, తానిచెట్లు అలాగే నిలిచిపోయాయి. తరవాత అది జాతీయ వనమైంది. ఇప్పలపల్లె దగ్గర గేటు పడింది. గేటు నుంచి లోయలోకి దిగే, వాడుకలో ఉన్న ఒకే ఒక మట్టి దారి మీద సఫారీ జీపులు తిరగసాగాయి.

నసీమా ఆ గేటుకు మొదట బొమ్మలతో వచ్చింది. ముకర్రంకు నిర్మల్‌లో కొయ్యబొమ్మల దుకాణం ఉంది. గేటు దగ్గరి కొట్లకు బొమ్మల పెట్టెలను ఆమె ట్రాలీ ఆటోలో తెచ్చి దించేది. ఒక రోజు సఫారీ డ్రైవరు ఒకడు జ్వరంతో రాలేదు. జీపు నిండా కూర్చున్న సందర్శకులు గొడవ మొదలుపెట్టారు. అప్పుడు హనుమండ్లు అనే డ్రైవరు, నోరు ఊరకే ఉంచుకోలేని మనిషి, ఆమెను పిలిచాడు.

"అక్కా, ట్రాలీ నడిపెటోళ్లకు జీపు నడుపుడు ఎంత? బొమ్మలకు బదులు మనుషులు, గంతే. జర మెల్లగ దించాలె."

"బొమ్మలైతె ఊకుంటయి తమ్మీ. మీ మనుషులు ఊకుంటరా?" అంది నసీమా, తాళం చెవి అందుకుంటూ.

అలా ఆమె ఆ అడవిని మొట్టమొదట డ్రైవరు సీటులోంచే చూసింది. తరవాత పద్ధతి ప్రకారం దరఖాస్తు పెట్టి, పరీక్ష నెగ్గి, గేటులో ఏకైక మహిళా డ్రైవరు అయింది. అలవాటు పడితే ఆశ్చర్యం చస్తుందంటారు. ఆమె విషయంలో అది జరగలేదు. లోయ మొదటి వంపు దిగగానే చల్లటి గాలి ముఖానికి తగిలినప్పుడల్లా, ఎన్నో ఏళ్ల తరవాత కూడా, ఆమె గుండె ఎగిరి గంతేసేది. కణుజు కొమ్ములు పొదల పైన కదిలినా, దారి మీది మెత్తటి మట్టిలో పులి పంజా తాజాగా అచ్చు పడినా, గేటు బయటికి రాగానే ఫోను ఇంటికి పోయేది.

"సునో జీ, ఇయ్యాల పులి అడుగు చూసిన! నా చెయ్యి కన్న పెద్దగున్నది!"

"అడుగే గదా? పులి ఏమన్న చాయ్‌కి పిలిచిందేమో అనుకున్న," అనేవాడు ముకర్రం. ఎగతాళి చేసేవాడే కానీ, ఒక్కసారి కూడా వినకుండా ఫోను పెట్టలేదు.

లోయ దారి సగంలో మైసమ్మ మలుపు ఉంది. ఎదుటి బండి కనిపించని గుడ్డి మలుపు. అంచున పసుపు పూసిన రాళ్లు మూడు. ఆ మలుపు దగ్గర ప్రతి బండీ మూడు సార్లు హారన్ కొట్టి, డ్రైవరు చెయ్యి గుండెకు తాకించి ముందుకు పోవాలి. కొట్టకపోతే అమ్మ పట్టేస్తుందని నమ్మకం. ఆ ఆచారానికి పెద్ద దిక్కు రాజయ్య. డ్రైవర్లందరిలో పెద్దవాడు, అతని తండ్రి గుట్టల మీద కలప లారీ నడిపేవాడు. అటవీశాఖ అక్కడ 'హారన్ మోగించరాదు' అని పెద్ద రేకు బోర్డు పెట్టింది. డ్రైవర్లు ఆ బోర్డుకు కూడా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. దాని ముందే హారన్ కొట్టేవాళ్లు. నసీమా కూడా కొట్టేది. ఆ మలుపులో హారన్ కొట్టడం ఆమెకు మతం సంగతిగా ఎన్నడూ తోచలేదు. ఆ దారి మర్యాదగా తోచింది.

ఆ సంవత్సరం ఎండలు ముదిరిన రోజుల్లో హుజూరాబాద్ మెథడిస్టు సంఘం స్త్రీలు విహారానికి వచ్చారు. నసీమా జీపు వెనక సీటులో సత్తవ్వ అనే ముసలమ్మ కూర్చుంది. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో కాన్పులు చేసిన మనిషి. దారి పొడుగునా ప్రతి చెట్టునూ పలకరిస్తూ, డ్రైవరు పిల్లను ప్రశ్నలతో వేపుకు తింటూ వచ్చింది.

మలుపు వచ్చింది. నసీమా మూడు సార్లు హారన్ కొట్టింది. మూడో మోతకు జీపు బానెట్ మీద టప్పుమని ఎర్రటి మేడిపండు పడింది.

"ఆగు పిల్లా, బండి ఆపు!" సత్తవ్వ కేక పెట్టింది. "పండు పడలే. పిట్ట ఇడిసిపెట్టింది. నీ హారన్‌కు బెదిరి ఇడిసిపెట్టి పాయె!"

నసీమా బండిని వెనక్కి తీసి, ఎడంగా పొదల నీడలో నిలిపి, ఇంజను ఆపేసింది. అందరూ తలలు పైకెత్తారు. మలుపుకు పైన, దారి మీదికి వంగిన పాత నల్లమద్ది. దాని బోదెలో ఎత్తున ఒక తొర్ర. తొర్ర నోరు మట్టితో మెత్తినట్టు మూసుకొని ఉంది. మధ్యలో వేలు పట్టేంత సన్నటి చీలిక. ఆ చీలికలోంచి ఒక ముక్కు కొన బయటికి వచ్చి, గాలిలో వెతికి, మళ్లీ లోపలికి పోయింది.

చాలాసేపటికి పెద్ద రెక్కల చప్పుడు వచ్చింది. చేటతో విసిరినట్టు బరువైన చప్పుడు. నలుపూ తెలుపూ కలిసిన పిట్ట. ముక్కు మీద మరో ముక్కు బోర్లించినట్టుంది. ఇక్కడివాళ్లు కొమ్ముపిట్ట అంటారు. చెట్టుకు అతుక్కొని, మెడ కదిలించి, గొంతులోంచి ఒక్కొక్క పండు తీసి చీలికలోని ముక్కుకు అందించింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి.

"ఓ యేసయ్యా," అంది సత్తవ్వ గొంతు తగ్గించి. "ఆడది లోపలున్నది. గుడ్ల మీద కూసోని తలుపేసుకున్నది. మొగోడు తెచ్చి పెడ్తుండు. అచ్చం పురిటిల్లే గదా! మరి బాలింత ఉన్నకాడ గంత లొల్లి ఏంది పిల్లా? గుమ్మానికి వేపమండన్న కట్టకపోతిరి."

స్త్రీలంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. నసీమా నవ్వలేదు. పండు తేకపోతే లోపలున్న ఆ ప్రాణానికి వేరే దిక్కు లేదన్నది ఆమెకు అప్పుడే తట్టింది. రోజూ ఎన్ని జీపులు, ఎన్ని మోతలు, ఎన్ని పండ్లు కింద పడ్డాయో! చెట్టు కింద చూస్తే ఎండి నల్లబడిన మేడిపండ్లు చెల్లాచెదరుగా ఉన్నాయి.

ఆమె ఆ సాయంత్రమే అటవీ అధికారి అరుణ్‌కుమార్‌కు చెప్పింది. ఆయన మర్నాడు దుర్భిణితో వచ్చి చూసి, పట్టరాని సంతోషంతో తిరిగి వెళ్లాడు. ఈ లోయలో కొమ్ముపిట్ట గూడు కట్టడం ఆయన ఉద్యోగంలో చేరాక ఇదే మొదటిసారి. కానీ గేటు దగ్గర డ్రైవర్లను పిలిచి చెప్పిన మాట కటువుగా ఉంది.

"మాన్తే హారన్లు మానుండ్రి. లేకుంటె పిల్లలు ఎగిరిపోయేదాక లోయ దారి బంద్ పెడ్త. పై ఆఫీసుకు ఇప్పుడే రాసెయ్యాల్నా?"

కటువైనా అది అన్యాయం కాదు. పాత చెట్టుకే అంత తొర్ర ఉంటుంది. అంత తొర్ర ఉన్న చెట్టు మనిషి జన్మలో తయారు కాదు. కానీ డ్రైవర్ల పక్షానా న్యాయం ఉంది. అది గుడ్డి మలుపు. హారన్ కొట్టకుండా పోతే ఎదురుగా వచ్చే బండిని గుద్దుకోవడం ఖాయం. వేసవి రాబడి లేకపోతే ఆ ఏడాది పొయ్యిలో పిల్లి లేవదు. పైగా రాజయ్య ఒకే మాట మీద నిలబడ్డాడు.

"సర్కారు బోర్డు పెట్టినా కొట్టినం సారూ. పిట్ట కోసం అమ్మను మరుస్తమా?"

దారి మూస్తే గూడు బతుకుతుంది. అంతమాత్రం నసీమాకూ తెలుసు. కానీ ఈ ఏడు మూసిన దారి కోసం వచ్చే ఏడు డ్రైవర్లంతా ఆ చెట్టును శత్రువులా చూస్తారు. అలాంటి చూపు పడిన చెట్టు అడవిలో ఎంతకాలం నిలుస్తుంది? గూడు బతకాలి, దారి తెరిచి ఉండగానే బతకాలి. అందుకు సత్తవ్వ మాట తప్ప ఆమెకు మరో ఉపాయం తోచలేదు.

మర్నాడు తెల్లవారగానే గేటు దగ్గరి వేపచెట్టు నుంచి మండలు విరుచుకొని వెళ్లి నల్లమద్ది బోదెకు చుట్టూ కట్టింది. అక్కడ ఆమె తప్పు చేసింది. వేపమండ కడితే పురిటిల్లని తెలిసిన ఇక్కడివాళ్లు మాత్రమే చేయగల తప్పు అది.

ఆ రోజు వచ్చిన మొదటి జీపులోని వాళ్లు వేపమండ కట్టిన చెట్టును చూడగానే దండం పెట్టారు. రెండో జీపువాళ్లు దిగి బోదెకు పసుపు రాశారు. మధ్యాహ్నానికి చెట్టు మొదట్లో కొబ్బరికాయలు పగిలాయి, ఊదుబత్తులు వెలిగాయి, ఎవరో శివసత్తు పూనకం వచ్చినట్టు ఊగింది. మైసమ్మ నల్లమద్దిలో వెలిసిందన్న మాట లోయ దాటి గేటుకు, గేటు దాటి ఊళ్లకు పాకింది. హారన్లు మూడు కాదు, లెక్క లేకుండా మోగాయి. ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకున్నారు. కొమ్ముపిట్ట మగది దూరంగా తానిచెట్టు మీద వాలి, చూసి, పండు గొంతులోనే పెట్టుకొని వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. చీలికలోంచి ముక్కు కొన వచ్చి వెతకడం, ఉత్తిదే లోపలికి పోవడం నసీమా జీపులోంచి చూసింది. ఆ దృశ్యాన్ని ఆమె ఆ తరవాత మరిచిపోలేదు.

సాయంత్రం అరుణ్‌కుమార్ మండలు విప్పించాడు, చెట్టు కింద కడిగించాడు.

"నసీమా గారూ, మంచికే చేసిండ్రు. కాదంటలేను. గని అసలుకే మోసం వచ్చింది. ఆదివారం దాక చూస్త. మొగపిట్ట సక్కగ రాకుంటె సోమవారం నుంచి గేటు బంద్."

రాజయ్య అందరి ఎదుటా ఆమెను నిలదీశాడు. "నీకెందుకు బిడ్డా మా అమ్మ ముచ్చట? నిన్ను నేనేమన్న మసీదు కాడ ఆపినానా?"

నసీమా ఇంటికి వెళ్లి అన్నం ముట్టలేదు. ముకర్రం ఆ రోజు ఎగతాళి చేయలేదు.

"పరేషాన్ కాకు. రాజయ్యకు మనవరాలు పుట్టింది గదా, ఇంకా చూడబోలే మనం. ఖాళీ చేతులతోని పోకు," అంటూ దుకాణంలోంచి ఒక చిలక బొమ్మ తీసి ఇచ్చాడు. పచ్చ రంగు ఇంకా మెరుస్తూ ఉంది.

మర్నాడు గేటు తెరవకముందే ఆమె ఇప్పలపల్లెలో రాజయ్య ఇంటికి వెళ్లింది. రాజయ్య కోడలు రమ లోపలి గదిలో ఉంది. నసీమా పసిపిల్లను చూసి, బొమ్మ ఇచ్చి, బయట అరుగు మీద కూర్చుంది. రాజయ్య చాయ్ గ్లాసు ముందుకు జరిపాడు. కోపం తగ్గలేదు, మర్యాద తప్పలేదు.

అంతలో వాకిట్లోకి జీపు వచ్చి ఆగింది. రాజయ్యను ఎక్కించుకుపోవడానికి వచ్చిన హనుమండ్లు మూడు సార్లు హారన్ కొట్టాడు. లోపల పసిపిల్ల ఉలిక్కిపడి కెవ్వుమంది.

రాజయ్య అరుగు మీది నుంచి లేచిన వేగానికి చాయ్ గ్లాసు బోర్లా పడింది.

"ఓరి నీ నోట్ల మన్ను వడ! కండ్లు కనవడ్తలేవారా? గుమ్మానికి వేపమండ కట్టి ఉన్నది! లోపల బాలింత ఉన్నది, పసిగుడ్డు ఉన్నది. ఊరంత చెప్పులు చేతుల పట్టుకోని పోతుంటె, నువ్వు హారన్ కొడ్తవారా?"

"పిలిచిన గంతే కాకా," హనుమండ్లు గొణిగాడు. "నువ్వే గదా, మూడు కొట్టనిది యాడ బండి ఆపొద్దంటవు."

రాజయ్య గుమ్మం మీది వేపమండ వైపు చూశాడు. తరవాత నసీమా వైపు చూశాడు. ఆమె తల వంచుకొని, పడిపోయిన గ్లాసును నిలబెడుతోంది.

"నువ్వు గట్ల ఊకోకు," అన్నాడు రాజయ్య.

"నేనేమన్లే కాకా."

"అన్లే. గందుకే నాకు కోపమొస్తుంది."

హనుమండ్లు పకపక నవ్వాడు. రాజయ్య ఉరిమి చూస్తే ఆపేశాడు. ముసలాయన మీసం దువ్వుకున్నాడు.

"వేపమండ మంచానికి కడ్తరా బిడ్డా? గుమ్మానికి కడ్తరు. నువ్వు చెట్టుకు కట్టినవ్. చెట్టుకు కడ్తె అది అమ్మవారైతది. పది మంది వస్తరు, కాయ కొడ్తరు. మలుపుకు ఇవతల, దారికి అడ్డంగ, తోరణం లెక్క కట్టాలె. గప్పుడది పురిటిల్లు. ఎవ్వడు నోరెత్తడు."

"మరి అమ్మకు మొక్కుడు?" నసీమా అడిగింది. "అది మానమని నేను అన్లే కాకా. నేను గూడ కొడ్త గదా."

"గేటు కాడ కొడ్దం. మా బాపు ముసలితనంల మంచంల నుంచే మొక్కెటోడు. మంచంల నుంచి మొక్కితె విన్నది, గేటు కాడి నుంచి వినదా?"

"వినకుంటె ఆరు కొడ్దం," అన్నాడు హనుమండ్లు.

గుడ్డి మలుపు సంగతి మిగిలింది. దానికి దారి నసీమా చెప్పింది: బండ్లన్నీ మలుపు మీదుగా లోపలికి పోవాలి, తిరిగి వచ్చేటప్పుడు చెరువుకట్ట మీది, ఇప్పుడెవరూ వాడని పాత దారిన రావాలి. అప్పుడు ఎదురు బండి ఉండదు. చుట్టు దారి, గతుకుల దారి. డ్రైవర్లు సణిగారు, డీజిల్ ఎవడు పోస్తాడన్నారు, కానీ రాజయ్య ముందు ఎవరి సణుగుడూ నిలబడలేదు. ఆ శనివారం రాజయ్య తన చేతులతోనే దారికి అడ్డంగా రెండు కొమ్మల మధ్య తాడు కట్టి వేపమండలు వేలాడదీశాడు. గేటు దగ్గర లోయ వైపు తిరిగి మూడు మోతలు మోగాయి. జీపులు బారుగా దిగి, తోరణం కింద చప్పుడు లేకుండా పోయాయి. సందర్శకులకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. తోరణం చూడగానే ఆడవాళ్లు పిల్లల నోళ్లు మూశారు. "ఎవరో బాలింత ఉన్నట్టున్నది" అన్న గుసగుస విని నసీమా అవునని తల ఊపి, వేలితో పైకి చూపించేది. ఎవరినీ ఆమె మభ్యపెట్టలేదు. లోపలున్నది పిట్టేనని ప్రతి బండిలోనూ చెప్పింది.

ఆదివారం అరుణ్‌కుమార్ పొదల వెనక దుర్భిణి పట్టుకొని కూర్చున్నాడు. మగపిట్ట వచ్చింది. తోరణం కింద జీపు నిలిచి ఉండగానే వచ్చింది. పండ్లన్నీ అందించి, ముక్కును చెట్టుకు రెండు వైపులా రాసుకొని, తీరిగ్గా ఎగిరిపోయింది. అధికారి పొదల్లోంచి రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. జీపులోని వాళ్లు చప్పట్లు కొట్టబోయి, నాలుక కరుచుకొని, చేతులు గాలిలోనే ఆడించారు.

సోమవారం గేటు తెరిచే ఉంది.

అయితే చెయ్యి అలవాటు అంత తొందరగా పోదు. ఒక రోజు హనుమండ్లే తోరణం కింద మరిచిపోయి ఒక మోత మోగించాడు. ఆ సిగ్గుతో తానే ఉపాయం చెప్పాడు: గేటు దగ్గర మొక్కు తీరగానే హారన్ తీగ ఊడదీయాలి, బయటికి వచ్చాక మళ్లీ తగిలించాలి. నసీమా ఒప్పుకుంది. మిగతావాళ్లూ ఒప్పుకున్నారు. రాజయ్య ఒక్కడే ఒప్పుకోలేదు.

"నా చేతికి నేను చెప్పుకుంట. తీగలు పీకుడు మీ అసుంటి పోరగాండ్లకు," అన్నాడు.

వేప ఆకు ఎండకు ఒక్క రోజులో వాడిపోతుంది. వాడిన మండ పాత మొక్కులా కనిపిస్తుంది కానీ, ఇవాళ్టి కబురులా కనిపించదు. అందుకని నసీమా ప్రతి పొద్దునా మొదటి బండి కంటే ముందే వెళ్లి, పాత మండలు తీసి కొత్తవి కట్టేది. ముకర్రం ఆమె ఓణీకి వేప వాసన పట్టిందని, ఇంట్లో దోమలు తగ్గాయని చెప్పుకునేవాడు.

మిరుగు వానలు రేపో మాపో అన్నట్టుగా మబ్బులు పట్టిన రోజు అది. నసీమా పక్క సీటులో అనిల్ కుమార్ అనే కరీంనగర్ బట్టల వ్యాపారి కూర్చున్నాడు. పులి చూపించకపోతే రానని మొదటే షరతు పెట్టి వచ్చిన మనిషి. వెనక జీపు రాజయ్యది. తోరణం దాటగానే నసీమా బ్రేకు తొక్కింది. మలుపు మధ్యలో, నల్లమద్ది కింద, దారి నిండా అడవిదున్న నిలబడి ఉంది. నల్లటి ఒళ్లు మెరుస్తోంది, కాళ్లకు తెల్లటి మేజోళ్లు తొడిగినట్టుంది, కొమ్ముల మధ్య నుదురు గోడలా ఉంది. అది తల వంచి బుస్సుమంది.

"హారన్ కొట్టమ్మా!" అనిల్ కుమార్ గొంతు కీచుమంది.

"ఆగుండ్రి సేటూ. అదే పోతది."

ఆయన ఆగలేదు. ఒక్క ఉదుటున వంగి స్టీరింగు మధ్యలో అరచేత్తో బలంగా నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. ఉత్తదే. ఆయన ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. దేవత మహిమ అన్న కథ పుట్టింది ఆ ముఖంలోంచే. కారణం మాత్రం గేటు దగ్గర ఊడదీసిన తీగ.

ఆయన వెనక్కి తిరిగి, రెండు చేతులతో సైగలు చేస్తూ పిలిచాడు. "ఓ పెద్దమనిషీ! నువ్వన్న కొట్టు! కొట్టు జర!"

రాజయ్య బండి తీగ ఊడలేదు. అతని చెయ్యి అప్పటికే హారన్ మీద ఉంది. ముందు దున్న, పక్కన ఇన్నేళ్లుగా తాను మోత కొట్టిన రాళ్లు, ఒళ్లంతా అలవాటు. నసీమా అద్దంలో అతని చేతిని చూసింది. ఏమీ అనలేదు, అంటే అది కేక అవుతుంది.

రాజయ్య చెయ్యి లేచింది. రెండోది కూడా లేచింది. అతను రెండు చేతులూ జోడించి రాళ్ల వైపు మొక్కి, అలాగే కదలకుండా కూర్చున్నాడు.

ఆ నిశ్శబ్దంలోనే పైన టక్కుమన్నది.

ఎండిన మట్టి పెళ్ల ఒకటి రాలి దున్న వీపు మీద పడింది. దున్న ఉలిక్కిపడి తల ఎత్తింది. మళ్లీ టక్, టక్. లోపలి నుంచి ముక్కు గోడను పొడుస్తోంది. చీలిక వెడల్పయింది, మరో పెళ్ల రాలింది. దున్న తోక ఝాడించి, విసుగ్గా పక్క వెదురులోకి దిగిపోయింది. దాన్ని ఎవరూ చూడలేదు. తొర్రలోంచి మొదట ముక్కు, తరవాత తల, తరవాత నలిగి మాసిన ఈకలతో ఆడపిట్ట ఒళ్లు మొత్తం బయటికి వచ్చింది. వెలుతురుకు కళ్లు చికిలించుకుంటూ కాసేపు అంచున వేలాడి, ఒక్కసారి రెక్కలు విప్పింది. చేటతో విసిరిన చప్పుడు లోయంతా నిండింది. దాని వెనక తొర్ర నోట్లో చిన్న ముక్కు ఒకటి, దాని పక్కన ఇంకొకటి కనిపించాయి. ఆ సాయంత్రానికి రెండు పిల్లలూ ఎగిరాయి. మొదటిది నేరుగా తానిచెట్టుకు చేరింది. రెండోది తోరణం తాడు మీద వాలబోయి, తూలి, రాజయ్య జీపు పైకప్పు మీద కాలు మోపి మరీ లేచింది.

"సూసినవా బిడ్డా?" రాజయ్య మెల్లగా అన్నాడు. "నా బండి మీద కాలు పెట్టింది!"

"చూసిన కాకా!" నసీమా కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

అంతకుముందు, ఆడపిట్ట ఎగిరిన కాసేపటికి, అనిల్ కుమార్ ఆమె మోచేతిని తట్టాడు. "పులి గిలి ఏమొద్దు అమ్మా. దున్న మళ్లొస్తె రానియ్యి. జర బండి మాత్రం కదపకు."

ఇంటికి పోయిన ఫోనులో ఆ రోజు ముకర్రంకు మాటలేవీ సరిగా అర్థం కాలేదు. అరుపులు మాత్రం వినిపించాయి. హుజూరాబాద్‌లో సత్తవ్వకు మనవరాలు ఫోను చెవి దగ్గర పెడితే, ఆమె మాత్రం ఒకటే ప్రశ్న అడిగింది: తల్లి ఎముకలు తేలి చిక్కిపోయిందా, తినబట్టిందా అని.

మరుసటి ఏడాది ఆ జంట అదే తొర్రకు తిరిగి వచ్చింది. తోరణమూ తిరిగి వచ్చింది. 'హారన్ మోగించరాదు' బోర్డు ఇప్పటికీ అక్కడే, కుంకుమ బొట్లతో, ఎవరూ చదవకుండా నిలబడి ఉంది.

ఇక తీర్పు. నసీమా చెట్టెక్కలేదు. ఆచారం మాన్పించలేదు. దున్నను మంత్రించలేదు. వేపమండ ఆలోచన సత్తవ్వది. దాన్ని ఎక్కడ కట్టాలో చెప్పినది, మొదట తోరణంగా కట్టినది రాజయ్య. తీగ ఊడదీయడం హనుమండ్లు ఉపాయం. గూడు నిలిస్తే దారి మూయనన్నది అధికారి నిర్ణయం. నసీమా చేసినవి ఇవి: పండు పడినప్పుడు బండి ఆపింది. తాను చేసిన తప్పు తన కళ్లతో చూసి, అరిచినవాడి ఇంటికే వెళ్లింది. ఎదురు బండి రాని దారి చూపించింది. ఆ తరవాత, పిల్లలు ఎగిరేదాకా, ప్రతి పొద్దునా కొత్త వేపమండ కట్టింది.